పాత కారు ఇంజనులో వింత చప్పుడు: విప్పే ముందు వినే పద్ధతి

పాత కారు ఇంజనులో కొత్త చప్పుడు మొదలవగానే మనలో చాలామంది చేసే మొదటి పొరపాటు, వినిపించినదాన్ని చెప్పకుండా పోయిన భాగం పేరు చెప్పేయడం. షెడ్డు ముందు కారు ఆపి "టాపెట్లు పోయినట్టున్నాయన్నా" అంటాం. ఆ మాటతో మెకానిక్ చూపు కూడా టాపెట్ల మీదకే, అంటే ఇంజను పైన వాల్వులను నొక్కి తెరిచే భాగాల మీదకే పోతుంది. ఏపీ 03 నంబరుతో 1997 నుంచి మా ఇంట్లో నడుస్తున్న మారుతి 800 విషయంలో నేను చేసింది సరిగ్గా ఇదే. ఉదయం స్టార్టు చేయగానే టిక్కుటిక్కుమని మొదలై, పది నిమిషాలు నడిచాక తగ్గిపోయే చప్పుడు కోసం తిరుపతిలోని ఒక షెడ్డులో రెండుసార్లు టాపెట్ సెట్టింగు చేయించాను, మూడోసారి హెడ్డు (సిలిండర్ల పైనుండే ఇంజను మూత) కూడా దింపించాను. చివరికి తేలిందేమిటంటే, ఎగ్జాస్టు మానిఫోల్డు (సిలిండర్ల పొగను సైలెన్సరు వైపు తీసుకెళ్ళే గొట్టం) ప్యాకింగు ఒక మూల కాలిపోయి అక్కడి నుంచి పొగ చిమ్ముతోంది. మానిఫోల్డు హెడ్డుకు ఆనుకునే అంచు మీద, బొటనవేలి గోరంత మేర, కాటుక దిద్దినట్టు నల్లటి మసి గీత ఉంది. హెడ్డు దించకముందు టార్చిలైటు వేసి చూసి ఉంటే అది కనిపించేదే.

అప్పటి నుంచి ఏ చప్పుడైనా ఒక వరుసలో విని, రాసుకుని, ఆ తర్వాతే షెడ్డుకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ఆ వరుసనే ఇక్కడ వివరిస్తున్నాను. మారుతి 800, జెన్, ఎస్టీమ్, మొదటితరం శాంత్రో, అంబాసిడర్ వంటి బండ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, ఇందులో చాలా భాగం ఏ పాత ఇంజనుకైనా వర్తిస్తుంది. కావలసినవి ఒక టార్చిలైటు, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు, మూడడుగుల రబ్బరు గొట్టం, నీళ్ళు చిమ్మే సీసా, చిన్న నోటుపుస్తకం. ఫోనులో రికార్డింగు సౌకర్యం ఎలాగూ ఉంటుంది.

చేయి పెట్టే ముందు

నడుస్తున్న ఇంజను మీదకు వంగే పని ఇది. పంచె కొంగు, చున్నీ, మెడలోని తువ్వాలు, జారే గాజులు, విప్పిన జడ ఏదీ బానెట్ కిందకు రాకూడదు. రేడియేటరు ఫ్యానుకు కరెంటు మోటారు ఉన్న కొన్ని బండ్లలో తాళం తీసేసిన తర్వాత కూడా, నీరు వేడిగా ఉంటే, ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది. అందువల్ల ఇంజను ఆగింది కదా అని వేళ్ళు అక్కడ పెట్టకూడదు. వేడిగా ఉన్న రేడియేటరు మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకూడదు. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు న్యూట్రల్లో ఉంచి, చక్రాల వెనుక రాయి పెట్టుకోవాలి. మూసిన గ్యారేజీలోనో, అపార్టుమెంటు కింద గాలి ఆడని మూలనో ఇంజను నడిపిస్తూ కూర్చోకూడదు. సైలెన్సరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, అది మనిషిని హెచ్చరించకుండానే పడగొడుతుంది. బండిని ఆరుబయటికి తెచ్చుకుని పని మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముందు ఆయిలు

చప్పుడు ఎలాంటిదైనా సరే, మొదట చూడవలసినది ఆయిలు మట్టమే. సమతలంగా ఉన్న చోట బండి నిలిపి, ఇంజను ఆపి, అయిదు పది నిమిషాలు ఆగి గేజి కడ్డీ తీయాలి. ఒకసారి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి, తీసి చూడాలి. రెండు గుర్తుల మధ్య ఉండవలసిన ఆయిలు కింది గుర్తుకన్నా దిగువన ఉంటే, ఇంజనును మళ్ళీ స్టార్టు చేయకుండానే ముందు ఆయిలు పోయండి. పాత ఇంజను కొద్దికొద్దిగా ఆయిలు తాగుతూనే ఉంటుంది, మనం సర్వీసుకూ సర్వీసుకూ మధ్య చూడటం మానేస్తాం.

మట్టంతో పాటు దాని రంగు, వాసన కూడా గమనించాలి. పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే అందులో నీరు చేరినట్టు. పై గుర్తును దాటి ఉండి, వేళ్ళ మధ్య నీళ్ళలా పలచగా జారుతూ పెట్రోలు వాసన కొడితే, కార్బురేటరు బండ్లలో ఇంజను మీద ఉండే పెట్రోలు పంపును అనుమానించాలి. దాని లోపలి రబ్బరు పొర చిరిగితే పెట్రోలు నేరుగా ఆయిలులోకి దిగుతుంది. మట్టం పెరిగింది కదా అని సంతోషించిన బండి యజమానులను నేను చూశాను. నిజానికి పలచబడిన ఆయిలు బేరింగుల మధ్య పొరగా నిలవదు, లోహం మీద లోహం రాసుకుని చప్పుడు మొదలవుతుంది. అలాంటప్పుడు పంపు మార్చి, ఆయిలు మొత్తం తీసేసి కొత్తది పోయడం తప్ప వేరే దారి లేదు.

డ్యాష్‌బోర్డు మీది ఎర్రటి ఆయిలు లైటు గురించి ఒక్క మాట. అది ఆయిలు మట్టాన్ని చెప్పే లైటు కాదు, ఒత్తిడిని చెప్పేది. ఒత్తిడి బాగా పడిపోయాక మాత్రమే వెలుగుతుంది. బంధువుల పాత అంబాసిడర్ ఒకటి పీలేరు నుంచి తిరుపతికి వస్తూ భాకరాపేట ఘాటులో ఆ లైటు వెలిగినా ఆపకుండా దిగివచ్చింది. ఇంజను విప్పినప్పుడు, పిస్టనును క్రాంకుకు (ఇంజను కింద తిరిగే ఇరుసుకు) కలిపే కనెక్టింగ్ రాడ్డు షెల్ బేరింగును నా చేతిలో పెట్టారు. బూడిదరంగులో నున్నగా ఉండవలసిన లోపలి ముఖం మీద పై పూత చెరిగిపోయి రాగి రంగు తేలింది, గోరుతో గీస్తే తగిలేంత లోతుగా గీతలు పడ్డాయి. క్రాంకును లేత్‌కు పంపి గ్రైండింగు చేయించి, అండర్‌సైజు షెల్లులు వేయవలసి వచ్చింది. లైటు వెలిగిన చోటే బండిని పక్కకు ఆపి ఉంటే అంత దూరం వెళ్ళేది కాదు.

చప్పుడుకు తెలుగులో పేరు పెట్టండి

ఈ పనిలో మన భాష మనకు పెద్ద సాయం. చిత్తూరులో నాకు పరిచయమైన ఒక పెద్ద మేస్త్రీ, బండి తెచ్చిన వాడు టాపెట్టు, బేరింగు అనగానే చేయి అడ్డుపెట్టి "ముందు దాన్ని పలకనీబ్బా, తర్వాత విప్పుదాం" అనేవాడు. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: అది ఏమని పలుకుతోంది? తెలుగులో చప్పుళ్ళకు ఉన్నన్ని మాటలు వాడుకోగలిగితే, జవాబులో సగం ఆ మాటలోనే దొరుకుతుంది.

టిక్కుటిక్కు, లేదా కుట్టుమిషను నడిచినట్టు సన్నని టకటక అయితే అది ఇంజను పైభాగంలో, తేలికపాటి భాగాల మధ్య సందు పెరిగినందువల్ల వచ్చేది. వాల్వుల టాపెట్లు, వాటిని నడిపే కామ్‌షాఫ్టు, రాకర్లు ఆ కోవలోనివి. అయితే ఎగ్జాస్టు లీకు కూడా దూరం నుంచి ఇలాగే వినిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి వింటే టిక్కులో ఒక చిన్న "తుప్" కలిసి ఉంటుంది, అంటే లోహం కొట్టుకున్నట్టు కాక గాలి ఉమ్మినట్టు ఉంటుంది. నేను ఆ తేడాను పట్టుకోలేకే హెడ్డు దింపించాను.

దబదబ, ధన్‌ధన్ అని రోకటి పోటులా లోతుగా, కింది నుంచి, ఒక్కోసారి పాదాలకు తెలిసేలా వస్తే అది క్రాంకు వైపు నుంచి వచ్చేది. కనెక్టింగ్ రాడ్డు బేరింగులు, మెయిన్ బేరింగులు ఇలా పలుకుతాయి. ఈ మాట నోట్లో పడితే మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టి ఇంజను ఆపండి. కటకటమని, డొల్లగా, మట్టికుండను వేలితో తట్టినట్టు ఉండి, ఇంజను వేడెక్కేకొద్దీ తగ్గిపోతే పిస్టను బోరులో (సిలిండరు గోడల మధ్య) అటూ ఇటూ తగులుతోందని అర్థం. పిస్టనును రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్ను వదులైతే, స్లో రన్నింగులో (యాక్సిలరేటరు తొక్కనప్పుడు) రెండేసి దెబ్బలు జంటగా, టకటక్ టకటక్ అని వినిపిస్తుంది.

గలగలమని గొలుసు కదిలినట్టు, ముఖ్యంగా స్టార్టు చేసిన మొదటి రెండు మూడు సెకన్లు వినిపిస్తే క్రాంకు నుంచి కామ్‌షాఫ్టును తిప్పే టైమింగ్ చైను, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు గుర్తుకు రావాలి. అంబాసిడరుకూ, 2010 తర్వాతి పెట్రోలు స్విఫ్టుకూ చైను ఉంటుంది. మారుతి 800, జెన్‌లకు దాని బదులు టైమింగ్ బెల్టు ఉంటుంది కాబట్టి ఆ బండ్లలో గలగలకు ఈ కారణం వర్తించదు. బెల్టు వదులైతే చేసేది చైను చప్పుడు కాదు, ప్లాస్టిక్ కవరుకు చెప్పు ఈడ్చినట్టు తటతటమని తగలడం. అది వినిపిస్తే అశ్రద్ధ చేయకూడదు, ఎందుకంటే ఆ బెల్టు తెగితే కొన్ని ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి.

కీచుమని అరిస్తే డైనమో వంటివాటిని తిప్పే బయటి బెల్టు, గరగరమని తిరగలి విసిరినట్టు ఉంటే బేరింగు. బుస్సుమని పాములా ఎడతెగకుండా వినిపిస్తే గాలి లోపలికి పీల్చుకుంటున్న వ్యాక్యూమ్ గొట్టం. జుయ్యిమని తేనెటీగలా, ఒక నిర్ణీత వేగం దగ్గర మాత్రమే మొదలై దాన్ని దాటగానే ఆగిపోతే, ఇంజను లోపల ఏమీ లేదు. సైలెన్సరు మీది రేకో, బ్యాటరీ క్లాంపో, ఎయిర్ ఫిల్టరు డబ్బా మూతో వణుకుతోంది. ఈ చివరి రకం చాలామందిని అనవసరంగా భయపెడుతుంది. అనుమానం ఉన్న రేకును చల్లగా ఉన్నప్పుడు చేత్తో తట్టి చూస్తే అదే గొంతుతో పలుకుతుంది.

ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది

పేరు పెట్టాక సమయం రాయాలి. దీనికి ఉదయం అయిదింటి వేళ మంచిది. రాత్రంతా నిలిచిన ఇంజను పూర్తిగా చల్లబడి ఉంటుంది, వీధిలో రొద ఉండదు. బానెట్ ఎత్తి, ఫోను రికార్డింగు మొదలుపెట్టి, అప్పుడు స్టార్టు చేయించండి. తాళం తిప్పే పని ఇంట్లో ఇంకొకరికి ఇస్తే మీరు ఇంజను పక్కన నిలబడవచ్చు.

మొదటి మూడు సెకన్ల చప్పుడు, మొదటి మూడు నిమిషాల చప్పుడు, ఇంజను పూర్తిగా కాగాక వచ్చే చప్పుడు వేర్వేరు రోగాలకు గుర్తులు. మొదటి క్షణాల్లో మాత్రమే వచ్చేది, రాత్రి ఆయిలు కిందికి దిగిపోయి పై భాగాలకు మళ్ళీ చేరేలోపు వచ్చే చప్పుడు. నాసిరకం ఆయిలు ఫిల్టరు వేసినప్పుడు కూడా ఇది ఎక్కువవుతుంది, ఎందుకంటే ఆయిలు వెనక్కి జారకుండా ఆపే చిన్న రబ్బరు వాల్వు అందులో సరిగా పనిచేయదు. కొన్ని నిమిషాలుండి పోయేవి పిస్టను, ఎగ్జాస్టు ప్యాకింగు. లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకుపోవడమే వీటి గుట్టు. మా బండిలో జరిగింది ఇదే. చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, కాగాక మొదలయ్యేదాన్ని ఎక్కువ తీవ్రంగా తీసుకోవాలి. వేడికి ఆయిలు పలచబడి, అరిగిన బేరింగుల సందులను ఇక నింపలేకపోతోందని అది చెబుతోంది. మే నెలలో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు బయటపడి, డిసెంబరులో మాయమయ్యే చప్పుడు బాగైపోయినట్టు కాదు.

తర్వాత క్లచ్ పెడలు పరీక్ష చేయండి. దీనికి ఒక నిమిషం కూడా పట్టదు, అయినా షెడ్లలో దీన్ని తరచుగా మరచిపోతారు. ఇంజను స్లో రన్నింగులో, గేరు న్యూట్రల్లో ఉండగా పెడలు పూర్తిగా తొక్కండి. తొక్కినప్పుడు గరగర మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగు. తొక్కినప్పుడు ఆగిపోయి వదలగానే తిరిగి వస్తే గేరుబాక్సు ఇన్‌పుట్ బేరింగు. రెండు సందర్భాల్లోనూ ఇంజనును విప్పవలసిన పని లేదు.

బండి నడుస్తున్నప్పుడే వస్తే, అది ఇంజను వేగంతో మారుతోందా, చక్రాల వేగంతో మారుతోందా అని తేల్చుకోవాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో ఒకసారి, నాలుగో గేరులో ఒకసారి వెళ్ళి చూడండి. చక్రాల వేగం అంతే ఉండి ఇంజను వేగం మారింది కాబట్టి, చప్పుడు కూడా మారితే ఇంజనుది, మారకపోతే వీల్ బేరింగుదో టైరుదో. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలినప్పుడు మాత్రమే టక్‌టక్ అంటే అది డ్రైవ్ షాఫ్టు జాయింటు. గేరు వేసి కదిలేటప్పుడూ, ఆపేటప్పుడూ ఒక్క "దబ్" వినిపిస్తే ఇంజను మౌంటు రబ్బరు చీలి ఉండవచ్చు.

బరువు పడినప్పుడు చప్పుడు ఎలా ఉందో వినడానికి తిరుపతి వాళ్ళకు శ్రీనివాస సేతు ఫ్లైఓవరు చాలా అనువైన చోటు. తెల్లవారుజామున అద్దాలు దించుకుని ఎత్తు ఎక్కితే పిట్టగోడ చప్పుడును తిరిగి మన చెవికే కొడుతుంది. రోడ్డు మీద గాలికి కొట్టుకుపోయే సన్నని టిక్కు కూడా అక్కడ స్పష్టంగా వినిపిస్తుంది. ఎక్కేటప్పుడు పెరిగి, దిగేటప్పుడు కాలు తీయగానే ఆగుతోందా, లేక కాలు తీసిన క్షణంలోనే గట్టిగా వస్తోందా గమనించండి. మెయిన్ బేరింగులు బరువు లాగేటప్పుడు ఎక్కువ పలుకుతాయి. రాడ్డు బేరింగు చాలాసార్లు యాక్సిలరేటరు వదిలిన క్షణంలో బయటపడుతుంది.

లయ లెక్క

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. స్లో రన్నింగు నిమిషానికి 900 చుట్లు అనుకుంటే క్రాంకు సెకనుకు 15 సార్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు సెకనుకు ఏడెనిమిది సార్లు మాత్రమే తెరుచుకుంటుంది. అందువల్ల ఒక టాపెట్టు చప్పుడు ఇంజను పరుగులో సగం లయలో, కొంత తీరికగా వినిపిస్తుంది. బెల్టు, డైనమో, నీటి పంపుల చప్పుళ్ళకు ఈ లయ ఉండదు, అవి ఎడతెగని గీతలా సాగుతాయి.

చెవికి లెక్క అందకపోతే షెడ్డులో టైమింగ్ లైటు ఉందేమో అడగండి. దాన్ని ఒకటో సిలిండరు ప్లగ్గు వైరుకు తగిలిస్తే ఆ సిలిండరులో మంట పుట్టిన ప్రతిసారీ మెరుస్తుంది. మెరుపుకు ఒక చప్పుడు చొప్పున కలిస్తే కామ్‌షాఫ్టు వైపు, మెరుపుకు రెండు వస్తే క్రాంకు వైపు చూడాలి. ఎగ్జాస్టు లీకు కూడా మెరుపుకు ఒక్కసారే వస్తుంది కాబట్టి, టాపెట్టునూ దాన్నీ ఇది విడదీయలేదు. ఆ పని చెవి, కన్ను చేయాలి.

ఎక్కడి నుంచి

పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి పక్కన ఉండే ఎముకకు ఆనిస్తే వైద్యుడి స్టెతస్కోపులా పనిచేస్తుంది. బెల్టులకు, ఫ్యానుకు చేరువగా పెట్టకూడదు. ముందు బాగున్న చోట్లు వినండి, అప్పుడే బాగోలేని చోటు తెలుస్తుంది. హెడ్డు కవరు మీద ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళండి, తర్వాత డైనమో ఒంటి మీద, నీటి పంపు మీద, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మీద, చివరగా కింద ఆయిలు సంపు (ఆయిలు నిలిచే తొట్టి) పక్కన. చప్పుడు గట్టిగా ఉన్న చోటు దొరికితే దాని చుట్టూ అంగుళం అంగుళం జరపండి. ఒక హెచ్చరిక: లోహం చప్పుడును మోసుకుపోతుంది, కాబట్టి రేకు కవరు మీద గట్టిగా వినిపించినంత మాత్రాన అక్కడే పుట్టిందని అనుకోకూడదు. కింది బ్లాకు మీద ఎక్కువా, పై హెడ్డు మీద ఎక్కువా అన్న పోలిక ఎక్కువ నమ్మదగినది.

గాలి సంబంధమైన చప్పుళ్ళకు స్క్రూడ్రైవరు పనికిరాదు, రబ్బరు గొట్టం కావాలి. ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని రెండో చివరను మానిఫోల్డు అంచుల వెంట, వ్యాక్యూమ్ పైపుల కీళ్ళ వెంట కదిలించండి. ఎగ్జాస్టు లీకు అనుమానం ఉంటే, ఇంజను ఇంకా చల్లగా ఉండగానే మానిఫోల్డు అంచు మీద సబ్బునీళ్ళు చల్లి స్టార్టు చేయించండి, ఆపై ఇంకొకరు మందపాటి తడి గుడ్డతో సైలెన్సరు మూతిని రెండు క్షణాలు అడ్డగిస్తే లీకు ఉన్న చోట బుడగలు లేస్తాయి. ఆ తర్వాత మసి గీత కోసం టార్చి వేసి చూడండి.

తీసి చూసే పరీక్షలు

కీచు, గరగరలకు నీళ్ళ సీసా మొదటి పరీక్ష. దూరంగా నిలబడి, నడుస్తున్న బెల్టు లోపలి ముఖం మీద కొద్దిగా నీళ్ళు చిమ్మాలి. చప్పుడు క్షణం ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవనో, బెల్టు అరిగిందనో. నీళ్ళు పడగానే ఇంకా పెరిగితే బెల్టు వదులుగా ఉందని. నవంబరు వానల్లో తిరుపతిలో పొద్దున్నే కీచుమనే బండ్లలో చాలా వాటికి బెల్టు బిగింపే మందు. 2021 నవంబరు వరదల్లో నీట మునిగిన బండ్ల కథ వేరు. వాటిలో డైనమో, టెన్షనరు బేరింగుల గ్రీజు కొట్టుకుపోయి నెలల తర్వాత గరగర మొదలైంది.

బేరింగుల అనుమానం మిగిలితే ఇంజను ఆపి, బెల్టు విప్పి, పుల్లీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పండి. మంచి బేరింగు నూనె రాసినట్టు తిరుగుతుంది; చెడినది వేళ్ళకు ఇసుక తగిలినట్టు ఉంటుంది లేదా పుల్లీ పక్కకు ఊగుతుంది. బెల్టు లేకుండా ఇంజనును ఒక్క అరనిమిషం నడిపి వింటే విషయం పూర్తిగా తేలిపోతుంది: చప్పుడు పోతే అది బెల్టు తిప్పే భాగాలది, ఉంటే ఇంజనుది. చాలా పాత కార్లలో అదే బెల్టు నీటి పంపునూ తిప్పుతుంది కాబట్టి, అరనిమిషం దాటనివ్వకూడదు. టైమింగ్ బెల్టుతో ఈ పరీక్ష చేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు, అది తీస్తే ఇంజను అమరికే చెడిపోతుంది.

ఇంజను లోపలి చప్పుడు ఏ సిలిండరుదో తెలుసుకోవడానికి సిలిండర్లను ఒక్కొక్కటిగా ఆపే పద్ధతి ఉంది. కార్బురేటరు, కాంటాక్ట్ పాయింట్ల బండ్లలో ఇంజను ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి, దాన్ని ఇంజను లోహానికి ఆనేలా కట్టి, స్టార్టు చేసి కొన్ని సెకన్లు వినాలి. నడుస్తున్నప్పుడు వట్టి చేత్తో లాగకూడదు, కరెంటు గట్టిగా కొడుతుంది. ఎంపీఎఫ్ఐ బండ్లలో (కార్బురేటరు బదులు ఒక్కో సిలిండరుకు ఒక ఇంజెక్టరు పెట్రోలు చిమ్మేవి) ప్లగ్గు వైరు కాక ఆ సిలిండరు ఇంజెక్టరు కనెక్టరు తీయాలి. లేకపోతే కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరుకు చేరి దాన్ని పాడుచేస్తుంది. ఒక సిలిండరును ఆపినప్పుడు చప్పుడు బాగా తగ్గితే ఆ సిలిండరు రాడ్డు బేరింగు, లేదా పిస్టను. ఏ సిలిండరును ఆపినా మారని టిక్కు టాపెట్లది. ఆపినప్పుడు తగ్గక, జంట దెబ్బగా మారితే గడ్జన్ పిన్ను.

డీజిలు బండ్లలో ఈ పరీక్షను సొంతంగా చేయవద్దని నా గట్టి మనవి. పాత పంపుల కాలంలో ఇంజెక్టరు పైపు నట్టు వదులుచేసి వినేవారు. కామన్ రైలు (అధిక ఒత్తిడితో పనిచేసే కొత్తతరం డీజిలు) ఇంజన్లలో అదే పని చేస్తే వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చేతిని పోగొట్టుకునేంత ప్రమాదం అది.

ఇక ఆయిలు మార్చే సమయం దగ్గరపడితే, తీసిన ఆయిలును శుభ్రమైన తెల్ల ప్లాస్టిక్ తొట్టిలో పట్టి, ఎండలో వాల్చి చూడండి. మెరిసే రవ్వలు కనిపిస్తే అయస్కాంతం తిప్పండి. అతుక్కునేవి ఇనుము, ఉక్కు, అంటే కామ్, రింగులు, బోరు, చైను వైపువి. మెరుస్తూ కూడా అతుక్కోనివి షెల్ బేరింగు పూతవో, పిస్టను అల్యూమినియానివో. పాత ఫిల్టరును కోయించి మడతల మధ్య చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఘాటు ఎక్కుతుంటే వచ్చే కిటకిట

మన ప్రాంతంలో ఈ ఒక్క చప్పుడుకు ప్రత్యేకమైన చోటివ్వాలి. అలిపిరి దాటి రెండో ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు గానీ, పలమనేరు వైపు మొగిలి ఘాటులో గానీ, పెద్ద గేరులో బండిని ఈడుస్తుంటే డబ్బాలో గోళీలు కదిలించినట్టు కిటకిటమని వినిపిస్తుంది. కాలు కొంచెం తీయగానే ఆగిపోతుంది. చాలామంది దీన్ని టాపెట్లనుకుంటారు. నిజానికి ఏ భాగమూ వదులుకాలేదు. సిలిండరులోని పెట్రోలు మిశ్రమం ప్లగ్గు మంట చేరకముందే తనంతట తాను భగ్గున మండి, ఆ ఒత్తిడి అల గోడలను కొడుతోంది. షెడ్లలో దీన్నే నాకింగ్, పింగింగ్ అంటారు.

కారణాలు చాలావరకు బయటే సరిచేయగలిగినవి: ఇగ్నిషన్ టైమింగు మరీ ముందుకు జరిగి ఉండటం, పిస్టను మీద పేరుకున్న మసి, తప్పు వేడి రేటింగు ఉన్న ప్లగ్గులు, పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం, సరిగా చల్లబరచని రేడియేటరు. వెంటనే చేయవలసినది గేరు దించడం. ఎత్తు మీద నాలుగులో ఈడ్చే బదులు మూడు, రెండు వేసుకుంటే ఇంజను మీద బరువు తగ్గి కిటకిట ఆగుతుంది. గేరు దించినా ఆగకపోతే, మలుపుల మధ్య బండ్లు నిలిపే వీలున్న చోట ఆపి చల్లబడనివ్వండి. పదేపదే వదిలేస్తే పిస్టను అంచులు విరిగి, రాడ్డు బేరింగుల మీద దెబ్బ పడి, మొదట్లో బయటి చప్పుడుగా ఉన్నది నిజంగా లోపలి చప్పుడవుతుంది.

నడపవచ్చా, ఆపాలా

ఆయిలు లైటు వెలిగినా, కింది నుంచి దబదబ వచ్చినా, టైమింగ్ కవరులో తటతట వినిపించినా, ఉష్ణోగ్రత ముల్లు ఎర్రటి గీత వైపు వెళ్ళినా బండిని నడిపించి షెడ్డుకు తీసుకెళ్ళకూడదు, లాగించుకునే వెళ్ళాలి. నాలుగు కిలోమీటర్లే కదా అనుకున్న దూరంలోనే రాడ్డు విరిగి బ్లాకుకు రంధ్రం చేసిన సంఘటనలున్నాయి. సన్నని టాపెట్టు టిక్కు, బెల్టు కీచు, వణికే రేకు ఉన్న బండిని నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్ళవచ్చు. నీటి పంపు గరగర ఈ రెండిటికీ మధ్యది. ఊళ్ళో షెడ్డు వరకు సరే, తిరుమలకో మదనపల్లెకో కాదు.

షెడ్డులో

మెకానిక్‌కు భాగం పేరు చెప్పకండి, రాసుకున్నది చదివి వినిపించండి. "అన్నా, చల్లటి ఇంజను మీద ఎడమ చివర టిక్కుటిక్కు, పది నిమిషాలకు పోతోంది, క్లచ్ తొక్కినా మారట్లేదు, రెండో వైరు తీసినా మారట్లేదు" అని చెబితే మంచి మేస్త్రీ ముఖంలో ఆసక్తి కనిపిస్తుంది. ఫోను రికార్డింగు కూడా వినిపించండి, కానీ ఫోను లోతైన దబదబను సరిగా పట్టుకోదు కాబట్టి వీలైతే ఆయన చెవితోనే విననివ్వాలి. అందుకు బండిని ముందు రోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, ఉదయం ఆయన ఎదుటే చల్లటి ఇంజను స్టార్టు చేయించడం మంచిది. వేడి ఇంజనుతో వెళ్ళి చల్లటి చప్పుడు గురించి చెబితే పాపం ఎవరైనా ఏం చేస్తారు?

హెడ్డు దించాలనో, ఇంజను దించాలనో అంటే, దానికన్నా ముందు కంప్రెషను పరీక్ష (సిలిండర్లు గాలిని ఎంత బిగువుగా నొక్కుతున్నాయో చూడటం), ఆయిలు ఒత్తిడిని గేజి పెట్టి చూడటం జరిగాయా అని మర్యాదగానే అడగండి. ఆయిలు స్విచ్చి విప్పి అక్కడ గేజి తగిలించి, వేడి ఇంజను మీద స్లో రన్నింగులోనూ రేసు ఇచ్చినప్పుడూ ఒత్తిడి ఎంతుందో చూడటానికి పెద్ద సమయం పట్టదు. ఆ అంకెలను మీ బండి మాన్యువల్లోని అంకెలతో పోల్చాలి. ఒత్తిడి సరిగా ఉండి, చప్పుడు పైనే ఉంటే క్రాంకు జోలికి వెళ్ళనక్కర్లేదు. టాపెట్ సెట్టింగు చేయించేటప్పుడు కూడా మాన్యువల్ చల్లటి ఇంజను కొలత చెబుతోందా, వేడి ఇంజను కొలత చెబుతోందా చూసుకుని ఫీలరు గేజితోనే (సందు కొలిచే పలచటి రేకులతోనే) పెట్టించండి. చప్పుడు బొత్తిగా వినపడకూడదని సందు మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక, వేడి దిగక కాలిపోతుంది. కొంచెం టిక్కుమనే వాల్వు బతుకుతుంది.

మార్చిన పాత భాగాలను అడిగి తీసుకోండి, మా మానిఫోల్డు ప్యాకింగు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. బండి ఇంటికి వచ్చిన మర్నాడు ఉదయం అదే అయిదింటికి, అదే చోట, ఫోనును అదే దూరంలో పెట్టి మళ్ళీ రికార్డు చేయండి. చప్పుడు లేని ఆ రికార్డింగును తేదీ, మీటరు అంకెతో దాచిపెడితే, వచ్చే ఏడాది కొత్తగా ఏదైనా పలికినప్పుడు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.